లైబ్రరీ గేటు నుంచి హాస్టల్ గేటు దాకా

(రియాద్‌లో ప్రవాస తెలుగు వృత్తి నిపుణుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ్టి అంశాల జాబితాలో నా పేరు పక్కన "పబ్లిక్ లైబ్రరీల్లో రాత్రి వేళ భద్రత, పార్కింగ్" అని చూసి ఒకరిద్దరు మిత్రులు ఫోన్ చేశారు. "గల్ఫ్ కార్మికుల గోస ఉంది, నిరుద్యోగం ఉంది, రైతుల సమస్య ఉంది. నువ్వు బండ్లు ఎక్కడ పెట్టుకోవాలో మాట్లాడతావా?" అన్నారు. మాట్లాడతాను. ఆ మూడు సమస్యలూ చీకటి పడేసరికి ఒక లైబ్రరీ గేటు ముందుకు వచ్చి నిలబడతాయి కాబట్టి.

హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం సంగతి మీలో చాలామందికి తెలుసు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో కొందరు అక్కడ చదివే ఇంత దూరం వచ్చారు. అది ఇప్పుడు నవలలు ఇంటికి తెచ్చుకునే లైబ్రరీగా కంటే గ్రూప్-1, గ్రూప్-2, డీఎస్సీ, పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే చోటుగానే ఎక్కువ మందికి తెలుసు. పుస్తకాలు వాళ్ళవే, నీళ్ళ సీసా వాళ్ళదే. లైబ్రరీ ఇచ్చేది ఒక కుర్చీ, ఒక ఫ్యాను, కాస్త నిశ్శబ్దం. పక్కనే అశోక్ నగర్, దోమలగూడ. అక్కడి కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, డబ్బు కట్టి కూర్చునే స్టడీ హాళ్ళు అన్నీ ఈ పరీక్షల చుట్టూ అల్లుకున్నవే. 2023 నవంబరులో ఎన్నికల ముందు రాహుల్ గాంధీ అశోక్ నగర్ వచ్చి ఈ పిల్లలతో మాట్లాడారు. 2024 జూలైలో పరీక్షల వాయిదా కోసం, పోస్టుల పెంపు కోసం ఆందోళన జరిగింది కూడా ఆ వీధుల్లోనే. నాయకులకు ఆ చోటు బాగానే గుర్తుంటుంది. కాకపోతే పగటి పూట, కెమెరాల ముందు.

ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరు? జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, పాలమూరు పిల్లలు. వాళ్ళలో కొందరి తండ్రులు ఇక్కడే ఉన్నారు, జుబైల్‌లో, దమ్మాంలో, మన బత్హాకు దగ్గరి క్యాంపుల్లో. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని నిషేధం ఉంది కదా, ఆ మూడు గంటల నీడలో కూర్చుని వాళ్ళు ఫోన్ చేసేది ఈ పిల్లలకే. "బిడ్డా, తిన్నవా? రూముకు ఎప్పుడు పోతవు?" ఆ రెండో ప్రశ్నకు జవాబు లైబ్రరీ దగ్గర ఉంది. నా అంశం అంతా ఆ ప్రశ్నే.

రాత్రి భద్రత అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది తాళం. లైబ్రరీ మూసేశాక కంప్యూటర్లు పోకుండా, పుస్తకాలు పోకుండా కాపలా. అదీ అవసరమే, కాదనను. కానీ లైబ్రరీ మూసేశాక ప్రమాదంలో ఉండేది గది లోపల మిగిలిన బీరువా కాదు, గది లోంచి బయటికి వచ్చిన మనిషి. ఇరవై రెండేళ్ళ అమ్మాయి పుస్తకాల సంచీ భుజాన వేసుకుని హాస్టల్ దాకా నడిచే ఆ పది నిమిషాలు ఎవరి బాధ్యత? లైబ్రరీని అడిగితే గేటు లోపలి వరకే మాది అంటుంది. మున్సిపాలిటీ వీధి దీపం వరకే మాది అంటుంది. పోలీసులు ఫిర్యాదు వస్తే చూస్తాం అంటారు. సాఫ్ట్‌వేర్‌లో మనకు బాగా తెలిసిన జబ్బు ఇది. రెండు మాడ్యూళ్ళూ విడివిడిగా టెస్ట్ పాసవుతాయి, కలిసే చోట సిస్టమ్ కూలిపోతుంది.

ఇక పార్కింగ్. లైబ్రరీకి కార్లలో వచ్చేవాళ్ళు తక్కువ, బైకులు, స్కూటీలు ఎక్కువ. కానీ మన ఊళ్ళలో పార్కింగ్ ప్లాన్ ఎవరు వేసినా ముందు కారు గీత గీస్తారు. ఒక కారు ఆగే చోట ఐదారు బైకులు పడతాయి. ఆవరణలో చోటు చాలని బండ్లు గోడ వెంట ఫుట్‌పాత్ ఎక్కుతాయి. అప్పుడు నడిచి వెళ్ళేవాళ్ళు రోడ్డు మీదికి దిగాలి. అంటే బండి ఉన్నవాడి ఇబ్బంది బండి లేని అమ్మాయికి ప్రమాదంగా మారుతుంది. అందుకే ఈ రెండింటినీ నేను ఒకే అంశంగా చెబుతున్నాను. ఫుట్‌పాత్ మీద వరసగా నిలిపిన బండ్ల వెనక వెలుతురు ఉండదు, కనుచూపు ఉండదు. నాలుగు దీపాలు పెట్టినా ఆ నీడ పోదు, బండ్లు అక్కణ్ణుంచి తీస్తేనే పోతుంది.

ఆ ప్రాంతం రాత్రి పూట ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్ళ జనం, హోటళ్ళ జనం, లైబ్రరీ జనం అందరూ ఒకే రోడ్డు మీదికి వస్తారు. 2024 డిసెంబర్ 4 రాత్రి సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయిన తర్వాత అక్కడి జనాన్ని ఎలా అదుపు చేయాలన్న చర్చ రాష్ట్రమంతా నడిచింది. సినిమాకు వచ్చే జనం గురించి శాసనసభ దాకా వెళ్ళింది ఆ చర్చ. చదువుకోవడానికి రోజూ వచ్చే జనం గురించి అంత గట్టిగా ఎవరూ మాట్లాడరు. రోజూ వస్తారు కాబట్టే కాబోలు.

మనం ఉంటున్న ఈ ఊరి సంగతి కూడా చెప్పాలి. పొగడ్త కోసం కాదు, పోలిక కోసం. ఇక్కడ కింగ్ ఫహద్ జాతీయ గ్రంథాలయం చూడనివాళ్ళు ఒకసారి చూడండి. ఒలయా వీధికీ కింగ్ ఫహద్ రోడ్డుకూ మధ్య ఉంటుంది. పాత కట్టడాన్ని కూల్చకుండా దాని చుట్టూ కొత్తది కట్టి, ఎండ ఆపడానికి తెల్లటి తెరలు కప్పారు. జర్మనీకి చెందిన గెర్బర్ సంస్థ డిజైన్, 2013లో పూర్తయింది. మహిళలు చదువుకోవడానికి మొదటి అంతస్తులో వేరే చోటు పెట్టారు. బాగుంది. కానీ అప్పటికి ఈ దేశంలో స్త్రీలు కారు నడపడానికి అనుమతి లేదు. అది 2018 జూన్ 24న వచ్చింది. అంటే ఐదేళ్ళ పాటు లోపల చోటు ఉన్నా, అక్కడికి చేరాలంటే అన్నో, భర్తో, డ్రైవరో ఖాళీగా ఉండాలి. 2024 డిసెంబర్ 1న రియాద్ మెట్రో మొదలైంది. దాని బ్లూ లైన్‌లో ఆ లైబ్రరీ పేరుతోనే ఒక స్టేషన్ ఉంది. ఎంత డబ్బున్న దేశమైనా లైబ్రరీని మనిషి దగ్గరికి తేవడానికి ఇంతకాలం పట్టింది, చివరికి తెచ్చింది పార్కింగ్ స్థలం కాదు, రాకపోకల సౌకర్యం.

ఈ ఒక్క విషయంలో మన చిక్కడపల్లి రియాద్ కంటే ముందుంది. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా హైదరాబాద్ మెట్రో గ్రీన్ లైన్ 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. ఆ దారిలో చిక్కడపల్లి స్టేషన్ ఉంది. అంటే కోట్లు పెట్టాల్సిన పని అయిపోయింది. మిగిలింది స్టేషన్ నుంచి లైబ్రరీకి, లైబ్రరీ నుంచి హాస్టళ్ళకు నడిచే దారి. దాని ఖర్చు మెట్రో పక్కన పెడితే లెక్కలోకే రాదు. బహుశా అందుకే చేయరు, రిబ్బన్ కత్తిరించడానికి అందులో ఏమీ లేదు కదా.

ఇక్కడ మన ప్రవాసుల అలవాటు గురించి ఒక మాట, ఎవరూ నొచ్చుకోకండి. సమస్య వినగానే మనం చందా ఎత్తుతాం. "తలా ఐదొందల రియాళ్ళు వేస్తే ఇరవై కెమెరాలు పంపొచ్చు" అని ఇప్పటికే ఒక అన్న అన్నారు. మనసు మంచిదే. కానీ కెమెరా కొనడం తేలిక. దాని డీవీఆర్ నిండితే ఎవరు చూస్తారు? కరెంటు పోతే యూపీఎస్ ఉందా? రెండో ఏడాది ఏఎంసీ ఎవరు కడతారు? పైగా కెమెరా పెట్టడం ఎవరి దయా కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం ప్రకారం జనం పెద్ద సంఖ్యలో గుమికూడే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టుకోవాలి, 30 రోజుల రికార్డు ఉంచాలి. చట్టం చేయమన్న పనికి మనం విరాళమిస్తే, చేయాల్సినవాళ్ళను వదిలిపెట్టినట్టే. దాత పేరు చెక్కిన ఫలకం మాత్రం పదేళ్ళు మెరుస్తుంది.

నా లెక్కలో ఇరవై కెమెరాల కంటే జీతం సమయానికి అందే ఇద్దరు మనుషులు ఎక్కువ పని చేస్తారు. వీలైతే వారిలో ఒకరు మహిళ కావాలి. మూసే వేళకు ఒక గంట ముందు వచ్చి, చివరి మనిషి వెళ్ళిన అరగంట తర్వాత వెళ్ళాలి. సినిమా హాల్లో స్కూటర్‌కు టోకెన్ ఇస్తారు చూడండి, అదే పద్ధతి లైబ్రరీలోనూ పెడితే బండి పోయిందన్న గొడవా ఉండదు, గేటు దగ్గర ఎవరు పనీ పాటా లేకుండా నిలబడ్డారో కూడా తెలుస్తుంది. షీ టీమ్స్ హైదరాబాద్‌లో 2014 అక్టోబర్ నుంచి ఉన్నాయి, 2024 మార్చి నుంచి ప్రయాణంలో ఉన్న మహిళలను ఫోన్ ద్వారా గమనించే టీ-సేఫ్ సేవ ఉంది. అవి మంచివే. లైబ్రరీ మూసే వేళకు ఆ వీధిలో పోలీసు గస్తీ ఒక చుట్టు తిరిగేలా రాతపూర్వకంగా అడగడానికి పైసా ఖర్చు లేదు.

మరి ఆ ఇద్దరి జీతం ఎక్కడిది? ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఆ డబ్బు మీరు కట్టేశారు.

నిజాంపేటలోనో, మియాపూర్‌లోనో, విజయవాడలోనో మనలో చాలామందికి ఫ్లాట్ ఉంది. ఏప్రిల్‌లో ఐదు శాతం రాయితీ వస్తుందని ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో ఆస్తి పన్ను కట్టేస్తాం. అందులో గ్రంథాలయ పన్ను కలిసి ఉంటుంది. 1960 నాటి పబ్లిక్ లైబ్రరీల చట్టం కింద వసూలయ్యే సెస్సు అది, ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. పదివేల పన్నుకు ఎనిమిది వందలు. మున్సిపాలిటీలు, పంచాయతీలు దాన్ని ఇంటి పన్నుతో పాటు వసూలు చేసి గ్రంథాలయ సంస్థలకు జమ చేయాలి. వసూలు సక్రమంగానే జరుగుతుంది, ఆ విషయంలో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. జమ దగ్గరే ఏళ్ళ తరబడి బకాయిలు. హైదరాబాద్‌లోనే కాదు, జిల్లాల్లోనూ ఇదే కథ అని పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చింది. ప్రభుత్వాలు మారినా ఈ పద్ధతి మారలేదు కాబట్టి ఏ పార్టీ అభిమానీ భుజాలు తడుముకోవాల్సిన పని లేదు. గ్రంథాలయ సంస్థ ఛైర్మన్ పదవి కోసం పోటీ పడే నాయకులను చూశాం, బకాయి కోసం మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్న ఛైర్మన్‌ను నేనైతే చూడలేదు.

"ఇంత పెద్ద సమస్యను ఇంత చిన్నగా పట్టుకుంటావేం? నోటిఫికేషన్లు సక్రమంగా వేస్తే పిల్లలు ఏళ్ళకేళ్ళు లైబ్రరీలో పడి ఉండనక్కర్లేదు కదా" అని ఒక పెద్దాయన టీ దగ్గర అన్నారు. నిజమే సార్. ఆ పోరాటం ఆగకూడదు. కానీ నోటిఫికేషన్ వచ్చేదాకా ఆ పిల్ల ప్రతి రాత్రీ నడవాలి. ఇంకో సంగతి. రాత్రి దారి బాగా లేకపోతే అబ్బాయిలు తొమ్మిదింటిదాకా చదువుతారు, అమ్మాయిలు ఆరింటికే పుస్తకం మూస్తారు. రోజుకు మూడు గంటల చొప్పున ఏడాదికి ఎంత తేడా వస్తుందో మీరే లెక్క వేయండి. పరీక్షలో మాత్రం ఇద్దరికీ ఒకే ప్రశ్నాపత్రం. ఇది చిన్న విషయం ఎలా అవుతుంది?

మన ప్రాంతంలో లైబ్రరీ ఎప్పుడూ రాజకీయ విషయమే. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినప్పుడు, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం పెట్టినప్పుడు అవి పుస్తకాల గదులు మాత్రమే కాదు. తర్వాత గస్తీ నిషాన్ 53 కింద సభ పెట్టాలంటే అనుమతి కావాల్సిన నిజాం రోజుల్లో నలుగురు కలిసి పత్రిక చదువుకునే చోట్లు అవి. కోస్తాలో అయ్యంకి వెంకట రమణయ్య గారు 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ నడిపించారు. ఆ పెద్దలు చందాలు ఎత్తే కట్టారు, ఎందుకంటే అప్పుడు చట్టం లేదు, సెస్సు లేదు. మనకు రెండూ ఉన్నాయి.

కాబట్టి నేను అడిగేది చందా కాదు. సమాచార హక్కు చట్టం కింద పౌరులెవరైనా అడగొచ్చు, పాస్‌పోర్ట్ మీద ఇక్కడి వీసా ఉన్నంత మాత్రాన మన పౌరసత్వం పోలేదు. రాష్ట్ర కార్యాలయాలకు ఇక్కడి నుంచి ఫీజు కట్టడం చిక్కు కాబట్టి ఊళ్ళో ఉన్న తమ్ముడి చేతో, బావమరిది చేతో పది రూపాయల ఫీజుతో దరఖాస్తు వేయించండి. మూడు ప్రశ్నలు చాలు. గత ఐదేళ్ళలో గ్రంథాలయ సెస్సు కింద ఎంత వసూలు చేశారు? అందులో గ్రంథాలయ సంస్థకు ఏ తేదీన ఎంత జమ చేశారు? లైబ్రరీ మూసే వేళ తర్వాత కాపలాకు, దీపాలకు, వాహనాల నిలుపుదలకు ఎంత ఖర్చు పెట్టారు? మూడో ప్రశ్నకు చాలా చోట్ల "సమాచారం లేదు" అని జవాబు వస్తుంది. అది కూడా జవాబే, దాన్ని పట్టుకుని ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళొచ్చు.

తెలుగులో దరఖాస్తు నమూనా తయారు చేశాను. టీ బల్ల మీద కాపీలు ఉన్నాయి. కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళు మీ జిల్లా గ్రంథాలయ సంస్థ పేరు రాసుకోండి, విజయవాడ, గుంటూరు వాళ్ళకు చిరునామా మార్చిన కాపీ విడిగా పెట్టాను. జవాబు రావడానికి చట్టంలో ఉన్న గడువు 30 రోజులు. వచ్చే నెల సమావేశానికి ఎవరి ఊరి జవాబు ముందు వస్తుందో, దాంతోనే మొదలుపెడదాం.