కెమెరా బస్సులో, తాళం యజమాని జేబులో

(స్కూలు బస్సు డ్రైవర్లు, ఆయాలు, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్కూలు బస్సుల్లో కెమెరాలు పెట్టాలా వద్దా అని ఈ సభ పెట్టుకున్నాం. డ్రైవరన్నలు వద్దంటున్నారు, తల్లులు కావాలంటున్నారు. రెండు పక్షాలూ మన వాడ వాళ్లే. యజమాని మాత్రం ఈ సభలో లేడు.

పెట్టాలన్నదే నా మాట. పసిపిల్ల నిద్రపోయి వెనక సీట్లో ఉండిపోతే, ఎవడో చెయ్యి వేస్తే, చెప్పుకోలేని వయసు పిల్ల తరఫున చెప్పేది ఒకటుండాలి గదా. మన పిల్లని కులం పేరు పెట్టి వెనక సీటుకు తోలినా అంతే. అయితే ఆ కెమెరా ఎవరి చేతిలో ఉంటుందో తేల్చుకోకుండా ఒప్పుకుంటే అది మన మెడకే చుట్టుకుంటుంది.

హర్యానాలో జరిగింది చెప్తాను. 2017 సెప్టెంబరు 8న గురుగ్రాంలో ఒక పెద్ద ప్రైవేటు స్కూలు బాత్రూం దగ్గర ఏడేళ్ల పిల్లాడు గొంతు తెగి చనిపోయాడు. పోలీసులు ఆ రోజే స్కూలు బస్సు కండక్టర్ని పట్టుకున్నారు. నేరం ఒప్పుకున్నాడన్నారు. కత్తి బస్సు పనిముట్ల పెట్టెలోదన్నారు. టీవీలు అతని బొమ్మ వేసి తీర్పు కూడా చెప్పేశాయి. కొట్టి ఒప్పించారని ఇంటివాళ్లు మొత్తుకుంటే విన్నదెవరు? చివరికి బిడ్డను పోగొట్టుకున్న తండ్రే పోలీసుల కథ నమ్మక సీబీఐ కావాలని పట్టుబట్టాడు. (ఆ తండ్రికి మనం దండం పెట్టాలి.) సీబీఐ వచ్చి, కెమెరా బొమ్మలూ మిగతా ఆధారాలూ చూసి, నవంబరులో అదే స్కూలు పదకొండో తరగతి కుర్రాణ్ణి పట్టుకుంది. 2018 ఫిబ్రవరిలో కోర్టు కండక్టర్ని కేసులోంచి తీసేసింది. దొంగ సాక్ష్యాలు పుట్టించారని తర్వాత పోలీసుల మీదనే సీబీఐ ఛార్జిషీటు వేసింది.

కెమెరా మొదటి రోజు కూడా ఉంది. అయినా అనుమానం ముందు ఖాకీ చొక్కా తొడుక్కున్న కూలీ మీదికే పోయింది. అందుకే డ్రైవరన్నల భయాన్ని ఉత్త భయం అని కొట్టిపారేయొద్దని తల్లులకు చెప్తున్నా. డ్రైవరన్నలకూ చెప్తున్నా: ఆ కండక్టర్ని బయటికి తెచ్చిన ఆధారాల్లో కెమెరా బొమ్మలూ ఉన్నాయి.

ఇప్పుడు ఆ డబ్బా సంగతి. బస్సులో రికార్డు చేసే పెట్టె ఒకటుంటుంది. అది నిండగానే పాత బొమ్మ మీద కొత్త బొమ్మ ఎక్కుతుంది. నెల పోయాక అడిగితే చెరిగిపోయిందంటారు, అది అబద్ధం కూడా కాకపోవచ్చు. కాబట్టి ఏదైనా జరిగిన రోజే, ఫలానా తేదీ బొమ్మ దాచి పెట్టండి అని రాసిచ్చి, కాగితం ముట్టినట్టు సంతకం తీసుకోవాలె. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఇట్లాంటి బొమ్మ కోర్టులో నిలవాలంటే, ఆ యంత్రం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి. అంటే మన బిడ్డ కేసులో యజమాని సంతకం కావాలి! ఇదీ అసలు చిక్కు.

ఇంకొకటి. కెమెరా పెట్టామని బోర్డు రాసి చేతులు దులుపుకోనియ్యొద్దు. 1997 నవంబరులో ఢిల్లీలో స్కూలు బస్సు యమునలో పడి 28 మంది పిల్లలు పోయాక, డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. డ్రైవరుకు ఐదేళ్ల అనుభవం ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకుండా పరికరం ఉండాలి, పిల్లల వెంట ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి జీతం దండగని ఆయమ్మను తీసేసి కెమెరా పెట్టేవాళ్లున్నారు. ఏడ్చే పిల్లను కెమెరా ఎత్తుకుంటుందా? 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని గేటు దగ్గర స్కూలు బస్సును రైలు గుద్దింది. అక్కడ కావాల్సింది గేటు, గేటు కాడ మనిషి. బ్రాడ్‌గేజ్ లైన్ల మీద అట్లాంటి గేట్లు లేకుండా చేయడానికి రైల్వేకు 2019 దాకా పట్టింది.

మన పిల్లల్లో చాలామందికి అసలు బస్సే లేదు. ఆటోలో డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక పదిమంది, బ్యాగులు బయట వేలాడుతూ పోతారు. దూరం స్కూలుకు పోయే పిల్లలకు సమగ్ర శిక్ష కింద రవాణా భత్యం ఉంది. అది వస్తుందా అని ప్రతి తల్లీ హెడ్మాస్టర్ని అడగాలె.

అర్జీలో ఇవి రాశాం: బొమ్మ కనీసం మూడు నెలలు ఉంచాలి. తల్లిదండ్రులు, డ్రైవరు, ఆయా ఎవరడిగినా చూపించాలి. కాపీ ఒకటి ఆర్టీవో దగ్గర ఉండాలి. కెమెరా పేరు చెప్పి ఏ ఆయానూ తీసెయ్యగూడదు. సోమవారం పది గంటలకు ఆర్టీవో ఆఫీసుకు పోతున్నాం. కాగితం ఆ బల్ల మీద ఉంది, వేలిముద్ర వేసేవాళ్లకు ఇంకు ప్యాడు కూడా పెట్టాం. సంతకాలు చేసి పొండి.