పాలమూరు యువకుడు - బయానా లెక్క



పల్లె యువకునికి బ్రతుకుతెరువులు రెండు కనబడుచుండును: సర్కారు నౌకరి, వలస. మొదటిదానికై తెలంగాణమున జరిగిన పోరాటము సభవారెఱిగినదే. 1919 నాటి ముల్కీ నిబంధనలు మొదలుకొని 1952, 1969 ఆందోళనముల మీదుగా 1975 రాష్ట్రపతి ఉత్తర్వు వరకును ఆ చరిత్రను వ్రాసినవారు పెక్కురు కలరు. రెండవ త్రోవను గూర్చి వ్రాసినవారు తక్కువ. నడిచినవారు మాత్రము లెక్కకు మించినవారు.

1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు విడువబడిన నాగార్జునసాగరము రాతికట్టడపు ఆనకట్ట. ఆ రాళ్లను మోసిన భుజములలో పాలమూరు కూలీల భుజములు కలవు. నీరు ఎడమకాలువ వెంట నల్లగొండ పొలములకు వచ్చినది. మోసినవారి చెలకలకు రాలేదు. వారు మరియొక ఆనకట్టకో, బొంబాయి మేడలకో తరలిపోయిరి. పీర్ల పండుగకు ఊరు చేరి, మరల బయలుదేరిరి.

ఈ ప్రయాణమునకు ముడి గుంపు మేస్త్రీ ఇచ్చు బయానా. పెండ్లికో, బోరుబావికో, బియ్యపు బాకీకో అది ఇంటిలో ఖర్చయి పోవును. అది వడ్డీ లేని సొమ్మని మేస్త్రీ చెప్పును. ఒక లెక్క కట్టి చూడుడు. బయానా 30,000 రూపాయలు. బయట దినకూలి 500. బయానా పుచ్చుకొన్నందున ఒప్పుకొన్న కూలి 350 అనుకొందము. దినమునకు తరుగు 150. నెలకు 26 దినములకు 3,900. పది నెలలకు 39,000. అసలు వేరుగా కూలిలో కోతపడును. వడ్డీ లేదన్న సొమ్మునకు అసలును మించిన వడ్డీ ముట్టినది! కాగితము లేదు గనుక కన్నవాడు లేడు.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున దాసకర్మకరులను గూర్చి చెప్పుచు, కూలివాని పని ఒప్పందము ఇరుగుపొరుగువారికి తెలిసియుండవలెనని విధించెను. కూలి మాటాడుకొననిచో సేద్యగానికి పంటలో పదవ పాలు ఇప్పించెను. పండితులు ఈ గ్రంథమును రాజనీతికై చదువుదురు. కూలి ప్రకరణము చదువువారు అరుదు.

మన కాలమునను శాసనములు వచ్చినవి. 1976 చట్టము వెట్టిని రద్దుచేసి, వెట్టి బాకీలను చెల్లనివిగా చేసెను. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము గుత్తేదారునకు లైసెన్సు ఉండవలెననియు, కూలి రేటు, కోతలు వ్రాసిన పాసుపుస్తకమును కూలివానికి ఈయవలెననియు, ఆ వ్రాత అతని భాషలోను ఉండవలెననియు విధించెను. అట్టి పుస్తకము చేతనున్నవాని కొఱకు ఊరూర వెదకవలసి వచ్చెను. 2006లో ఉపాధి హామీ పథకము తొలి విడతలోనే ఈ రెండు జిల్లాలకును వచ్చినది. నూరు దినముల పనితో కొందఱి బయానా తప్పినది, అందఱిది కాదు.

ఇక ఈ గ్రంథాలయము చేయదగిన పని యొకటి కలదు. పత్రికలుంచు బల్లపై ఒక చిట్టాపుస్తకము ఉంచవలెను. బయలుదేరు ప్రతి యువకుడును మేస్త్రీ పేరు, పనిచోటు, బయానా, దినకూలి, తిరిగివచ్చు తేది అందులో వ్రాసి, ఇరుగుపొరుగువారిలో ఇద్దఱిచేత సాక్షి సంతకములు చేయించి పోవలెను. వ్రాయ నేరనివానికి గ్రంథపాలకుడు వ్రాసిపెట్టవచ్చును. మేస్త్రీ సంతకము చేయనన్నచో, ఆ సంగతియు అదే వరుసలో వ్రాయవలసినది.