తేయాకు తోటలో తెలుగు కాపరి

(శతాబ్ది సభలో చేసిన ప్రసంగము)



శతాబ్ది పండుగ రాగానే మన యొద్దకు వచ్చిన మిషనరీలను తలచుకొంటాము. అది ధర్మమే. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి దొరలు ఈ విశాఖపట్టణము చేరారు. తెలుగు నేర్చుకొని సువార్తలను తెలుగు చేయ మొదలుపెట్టారు. 1810 ముగిసేలోగా ఇద్దరూ కన్నుమూశారు. వారి ఋణము మనము తీర్చలేము. అయితే ఈ సాయంకాలము మేము చెప్పదలచినది వచ్చినవారి సంగతి కాదు. మన తెలుగుదేశము నుండి ఆఫ్రికాకు వెళ్ళిన ఒక సేవకుని సంగతి.

1860 నుండి 1911 వరకు భారతదేశము నుండి లక్షా యాభైవేల మందికి పైగా కూలీలు దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్ళారు. ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారే. మన విశాఖపట్టణము, గంజాము జిల్లాల వారు కూడా అందులో ఉన్నారు. ఐదేండ్ల ఒప్పందము, మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతము. ఒప్పందము తీరాక అక్కడే ఉండిపోదలచిన వారిపై 1895 చట్టము ఏటికి మూడు పౌనుల పన్ను వేసింది. అంటే మొదటి ఏటి లెక్కన ఆరు నెలల జీతము!

ఆ కూలీలలో కొందరు బాప్తిస్టు విశ్వాసులు. తమకొక కాపరి కావలెనని స్వదేశమునకు కబురు పెట్టారు. తెలుగు విశ్వాసులే నడుపుకొన్న బాప్తిస్టు హోం మిషనరీ సొసైటీ జాన్ రంగయ్యగారిని పంపింది. 1903లో ఆయన భార్య కనకమ్మగారితో, పిల్లలతో డర్బను చేరారు. అదే సంవత్సరము డిసెంబరు 27న, స్టాంగరు దగ్గరి కెర్స్నీ తేయాకు తోటలో తెలుగు సంఘము ఏర్పడింది. 1915లో రంగయ్యగారు ప్రభువునందు నిద్రించారు. ఆయన నాటిన సంఘములు నిలిచాయి.

ఆయన మనవలె డయోసిస్ క్రింది వారు కారు. అయినా ఆయన జీవితము మనకొక పాఠము. మారుమూల దేశములో అడుగుపెట్టినా ఆయన వెదకినది తన మాట తెలిసిన కష్టజీవినే. కూలివాడు ఎక్కడికి పోతే కాపరి అక్కడికి పోయాడు.

ఇప్పుడు మన ఊరిని చూడండి. ఓడరేవు, ఉక్కు కర్మాగారము ఉన్న ఈ పట్టణమునకు శ్రీకాకుళము నుండి, ఒడిశా నుండి, బీహారు నుండి కూలికి వస్తున్నారు. మన తీరపు మత్స్యకారులేమో గుజరాతులోని వేరావలు దాకా వేటకు పోతున్నారు.

ఒక సంగతి ఒప్పుకొనవలెను. మా సంఘములో ఒక ఆదివారము ఇద్దరు ఒడియా కాంట్రాక్టు కూలీలు వచ్చి చివరి బెంచీ మీద కూర్చున్నారు. ఆరాధన కాగానే మనవారందరూ ఒకరినొకరు పలకరించుకొన్నారు. వారిని మాత్రము పేరైనా అడిగినవారు లేరు. మేమూ అడుగలేదు. తరువాతి ఆదివారము ఆ బెంచీ ఖాళీ. నేటికీ వారు రాలేదు.

రంగయ్యగారు సముద్రము దాటి వెళ్ళారు. మేము నాలుగు బెంచీలు దాటలేకపోయాము.

ఈ శతాబ్దికి గోపురమునకు రంగు వేయించుకొన్నాము, మంచిదే. దానితోపాటు ప్రతి సంఘము ఇద్దరిని ఏర్పరచి, కూలీల బసలకు పంపగలదా? పలకరించుటకు, వారి భాషలో నాలుగు మాటలు నేర్చుకొనుటకు, జబ్బు చేస్తే ఆసుపత్రికి తోడు పోవుటకు? కావలసినది ఓడ ప్రయాణము కాదు, ఒక బస్సు టిక్కెట్టు మాత్రమే. ప్రభువు మన కాళ్ళకు ఆ కదలిక దయచేయును గాక.