మరమ్మతు ముద్ర చెప్పే సాక్ష్యం



రాగిరేకులు చదివే పండితుల నడుమ తుపాకులు చదివే నన్ను అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. మీలో కొందరు ముసిముసిగా నవ్వుకుంటున్నారు, ఇక్కణ్ణుంచి బాగానే కనిపిస్తోంది. అయినా ఒకమాట. పాత రేకును సుత్తితో సాగగొట్టి, మునుపటి దానాన్ని చెరిపి, దానిమీదే మరో దానం చెక్కిన శాసనాలు మీ చేతుల్లోంచి వెళ్లాయి. అడుగున మిగిలిన గీతల కోసం మీరు కళ్లు కాయలు కాచేలా చూస్తారు. జర్మన్ సైనిక ఆయుధాల మీద నేను చేసేదీ అదే పని.

కర్మాగారం ముద్రను ఎవరైనా చదవగలరు. గెవేర్ 98 రైఫిల్ తూటాగది మీద కిరీటం, దాని కింద స్పాండౌ, డాన్‌త్సిగ్, ఎర్ఫుర్ట్, ఆంబెర్గ్ లాంటి పేరొకటి, సంవత్సరం ఉంటాయి. అది జాతకచక్రం. ఆ తుపాకీ ఎలా బతికిందో తెలియాలంటే మరమ్మతు డిపోలో కొట్టిన ముద్రలు వెతకాలి.

అంతకు ముందుతరం రైఫిల్ గెవేర్ 88నే తీసుకోండి. దాని తొలి తూటా మొన గుండ్రన, బరువు 14.6 గ్రాములు. 1903లో సూదిమొనతో సుమారు 10 గ్రాముల ఎస్ తూటా వచ్చింది. బరువు తగ్గింది గానీ వ్యాసం 8.07 నుంచి 8.2 మిల్లీమీటర్లకు పెరిగింది. వెంట్రుకవాసి తేడా! పాత తూటాగది మెడలో కొత్త తూటా పట్టదు. అందుకని ఆ మెడను వెడల్పు చేసి, పైన ‘ఎస్’ అని కొట్టారు. లోతైన గాడులున్న గొట్టానికి ‘జెడ్’ అన్నది వేరే గుర్తు. గాడులను జర్మన్‌లో త్స్యూగె అంటారు. ఒకటుంటే రెండోదీ ఉన్నట్టే అనుకోకూడదు. ఒక ప్రదర్శనశాలలో ఈ ‘ఎస్’ కింద ‘స్పాండౌ’ అని చీటీ అంటించడం చూశాను. చెప్పాను. చీటీ మారలేదు.

లూగర్ పిస్తోళ్లమీద మరో తికమక ఉంది. తూటాగదిపైన 1917, దాని పక్కనో పైనో 1920 కనిపిస్తాయి. 1920లో మళ్లీ తయారుచేశారనుకుంటారు. వెర్సాయ్ సంధి జర్మన్ సైన్యాన్ని లక్షమందికి కుదించాక, ఇది ప్రభుత్వ ఆస్తి అని చాటడానికి కొట్టిన అంకె అది. ఆ కాలానిదే బవేరియా పౌరదళం ముద్ర కూడా: తుపాకీ కర్రభాగం మీద ‘ఇ.డబ్ల్యు.బి.’ అనే మూడక్షరాలు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి ముద్రలు మరీ ముచ్చటైనవి. 1945లో జర్మన్లు నార్వేలో వదిలిన కార్బైన్లను నార్వే సైన్యం తీసుకుని, చాలావాటికి 7.62 మిల్లీమీటర్ల గొట్టాలు బిగించి, పైన తన సైన్యం పేరు కొట్టుకుంది. కొన్నింటి మీద నాజీ గద్ద అలాగే ఉండిపోయింది. ఓడినవాడి ముద్ర, గెలిచినవాడి ముద్ర ఒకే ఇనుముమీద!

ఇక నా బాధ. పెద్ద భాగాలమీద పూర్తి సంఖ్య, చిన్న మరమేకుల మీద చివరి రెండంకెలు కొట్టడం జర్మన్ల పద్ధతి. డిపోలో భాగం మార్చినప్పుడు పాత అంకెమీద గీత కొట్టి పక్కన కొత్తది వేసిన ఆయుధాలున్నాయి. ఎక్కువ ధర కోసం కొందరు వ్యాపారులు ఆ పాత అంకెను ఆకురాయితో అరగదీసి, అన్నీ ఒకే సంఖ్యవని అమ్ముతున్నారు. శాసనంలో అక్షరాలు చెక్కేసినవాణ్ణి మీరు ఏమంటారో, వీళ్లనూ నేను అదే అంటాను.

సేకరణలు చేతిలో ఉన్నవారికి నా విన్నపం: తుపాకీని తోమే ముందు ఏటవాలు వెలుతురులో ప్రతి ముద్రనూ ఫొటో తీయండి, కొట్టివేసిన అంకెలతో సహా రాసిపెట్టండి. మొదటి పత్ర సమర్పకులను ఇక వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.