యజమానిని మార్చుకొనిన చాలునా? – విమాన పైలట్ల అనుభవము

(సూరత్ సమీపమున గల హజీరాలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను మాట్లాడబోవు విషయము మన శాఖలకు దూరమైనదిగా కొందరికి తోచవచ్చును. విమానము నడుపు పైలట్ ఏ కంపెనీలో చేరిన మనకేమి, ఏ కంపెనీని విడిచిన మనకేమి? కాని నేడు రైల్వే, తపాలా ఉద్యోగుల పిల్లలలో కొందరు ఆ చదువునకు పోవుచున్నారు. ఇల్లు తాకట్టు పెట్టి, భవిష్యనిధి నుండి సొమ్ము తీసి చదివించిన తలిదండ్రులు, “ఈ కంపెనీయా, ఆ కంపెనీయా? స్వదేశమా, గల్ఫ్ దేశమా?” యని అడుగుచున్నారు. వారికి సమాధానము చెప్పవలసిన బాధ్యత మనపై ఉన్నది. అంతకు మించి, ఆ వృత్తిలో జరిగిన దాని నుండి మనము నేర్చుకొనవలసిన పాఠము ఒకటి కలదు.

మనము కూర్చున్న ఈ హజీరాలో పైలట్ అను మాట మూడు వృత్తులకు వర్తించును. తాపీ నది సముద్రమున కలియు ఈ చోట, ఆటుపోట్లు తీవ్రముగా నుండు ఖంభాత్ సింధుశాఖలో, వచ్చిన ఓడపై కెక్కి దానిని భద్రముగా రేవునకు చేర్చువాడు పైలట్. ఎరువుల కర్మాగారపు సైడింగు నుండి గూడ్సు రేకును లాగువాడు లోకో పైలట్. నిన్న మొన్నటి వరకు మనమతనిని డ్రైవరు అనెడివారము. మగదల్లా వద్ద సూరత్ విమానాశ్రయమున దిగు విమానమును నడుపువాడు మూడవ పైలట్. ముగ్గురును రాత్రులు మేలుకొనువారే. ముగ్గురి చేతులలోను పరుల ప్రాణములు, పరుల సొత్తు ఉన్నవి. కాని మూడవవాడు మాత్రము కోరినపుడెల్ల యజమానిని మార్చుకొనగల అదృష్టవంతుడని లోకము భావించుచున్నది. ఈ భావము ఎంతవరకు నిజమో విచారింతము.

మొదట ఒక మాట. మన దేశమున విమానయానము తపాలా సంచితోనే పుట్టినది. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుండి నైనీకి ఉత్తరములను మోసినదే ఇచ్చటి తొలి విమాన తపాలా. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి తెచ్చినది ప్రయాణికులను కాదు, ఉత్తరములను. అచ్చట నుండి నెవిల్ విన్సెంట్ ఆ తపాలాను బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చినాడు. 1949లో ఆరంభమైన రాత్రి విమాన తపాలా పద్ధతిలో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుండి బయలుదేరిన విమానములు నడిరేయి నాగపూరులో కలిసికొని, సంచులు మార్చుకొని, తెల్లవారునప్పటికి మరలి పోయెడివి. మన ఉత్తరము ఒక్క రోజు ముందుగా చేరుటకై ఆ పైలట్లు నిద్ర మానినారు. కనుక వారు మనకు పరాయివారు కారు.

ఇక యజమానుల సంగతి. యుద్ధానంతరము దేశమున అనేక విమాన కంపెనీలు వెలసినవి. అందు హైదరాబాదు బేగంపేట కేంద్రముగా నడచిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి. 1947లో వాణిజ్య పైలట్ లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్, స్త్రీ యను కారణమున ఒకదాని తరువాత ఒకటిగా పలు కంపెనీలలో తిరస్కరింపబడి, తుదకు డెక్కన్ ఎయిర్‌వేస్‌లో ఉద్యోగము పొందినది. అయినను విమానముపై పూర్తి అధికారము గల కెప్టెన్ స్థానము ఆమెకు అచ్చట లభింపలేదు. ఆ సంస్థను విడిచి బిర్లా వారి సొంత విమానమునకు పైలట్‌గా పనిచేసి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరినది. కంపెనీలు అనేకము ఉన్నను అన్ని తలుపులకును ఒకే గడియ ఉన్నచో, ఎన్నుకొనుటకు ఏమి మిగులును?

1953లో విమాన కంపెనీలు జాతీయము చేయబడి రెండు ప్రభుత్వ సంస్థలుగా ఏర్పడినవి. నాటి పైలట్‌కు ఎన్నుకొనుటకు అంతగా లేదు. కాని అతనికి సంఘమున్నది, సీనియారిటీ ఉన్నది, యాజమాన్యముతో వ్రాతపూర్వకమైన ఒప్పందములు ఉన్నవి. 1990 తరువాత ప్రైవేటు కంపెనీలకు ద్వారములు తెరువబడినవి. 1994లో ఆ పాత చట్టము రద్దయినది. అధిక వేతనములు చూపగా ప్రభుత్వ సంస్థల పైలట్లు పలువురు అటు మరలినారు. ఈస్ట్-వెస్ట్, దమానియా, మోదీలుఫ్త్ – ఈ పేర్లు నేటి యువకులకు తెలియవు, ఏలయన అవి ఆ దశాబ్దము ముగియక మునుపే కనుమరుగైనవి. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ విమానములు నేల దిగినవి, తిరిగి లేవలేదు. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్, 2023 మే నెలలో గో ఫస్ట్ అదే దారి పట్టినవి. నెలల తరబడి జీతము బాకీ పడిన తరువాత వీధిని పడిన పైలట్లలో కొందరు, వెనుకటి కంటె తక్కువ వేతనమునకే వేరొక కంపెనీలో చేరవలసివచ్చినది. అధిక వేతనమును చూచి యజమానిని ఎన్నుకొనినవాడు, ఆ యజమాని అప్పుల పుస్తకమును కూడ ఎన్నుకొనుచున్నాడు. ఆ పుస్తకమును మాత్రము అతనికి ఎవరును చూపరు.

నేడు ఈ సూరత్ నుండియే చూడుడు, ఎన్ని దారులు కనిపించునో. 2022 జనవరిలో తొమ్మిదిమంది ప్రయాణికులు పట్టు చిన్న విమానములు ఇచ్చటి నుండి అహమ్మదాబాదు, భావనగరము, రాజకోట, అమ్రేలీలకు ఆరంభమైనవి. అట్టి సర్వీసులలో పైలట్ రాత్రికి ఇంటికి చేరి భార్యాపిల్లలతో అన్నము తినగలడు. కాని ఆ చిన్న విమానపు అనుభవముతో నేరుగా ఎయిర్‌బస్ ఎక్కుటకు వీలులేదు. విమానపు రకము మారినపుడెల్ల ప్రత్యేక శిక్షణ, ప్రత్యేకార్హత కావలెను. పెద్ద కంపెనీలో వేతనము హెచ్చు. కాని వారమునకు ఎన్ని రాత్రులు ఏ ఊరి హోటలులో గడచునో రోస్టరు చెప్పవలెను. ఇక గల్ఫ్ కంపెనీలలో ఆదాయపు పన్ను ఉండదు, వసతి, పిల్లల చదువు భారము సంస్థ వహించును. కాని ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో కార్మిక సంఘము స్థాపించు హక్కు లేదు. కరీంనగరు నుండి పోయిన కూలీకిని, ఇచ్చటి నుండి పోయిన కెప్టెన్‌కును ఈ ఒక్క విషయమున భేదము లేదు.

ఈ దారులలో ఏది మంచిదని నేను తీర్పు చెప్పను. వృద్ధులైన తలిదండ్రులు గలవాడు ఇంటికి దగ్గరి దారి కోరుట న్యాయము. అప్పు తీర్చవలసినవాడు వేతనము హెచ్చుగా నున్న దారి కోరుటయు న్యాయమే. నేను చెప్పవలసినది వేరు: ఒకమారు చేరిన పిదప దారి మార్చుట లోకము అనుకొనునంత సులభము కాదు. శిక్షణ వ్యయమునకై బాండు వ్రాసియుండును. వేరొక కంపెనీకి పోయినచో సాధారణముగా అచ్చటి సీనియారిటీ జాబితాలో అడుగుననే నిలువవలెను. వీనికి తోడు 2017లో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ వారు, కమాండరు అయినచో ఒక సంవత్సరము, కో-పైలట్ అయినచో ఆరు నెలలు ముందుగా నోటీసు ఇచ్చి పనిచేయవలెనని నిబంధించినారు. 2023లో 43 మంది పైలట్లు నోటీసు గడువు పూర్తిచేయక వెళ్ళిపోయినారని ఆకాశ ఎయిర్ సంస్థ న్యాయస్థానముల కెక్కినది.

ఈ నిబంధనకు సమర్థన లేకపోలేదు. పైలట్లు ఒక్కసారిగా వెళ్ళిపోయినచో టికెట్టు కొనిన ప్రయాణికుడు నడిదారిన నిలిచిపోవును. క్రొత్తవానిని తయారుచేయుటకు నెలలు పట్టును. సేవను స్తంభింపజేయుట ఎంత బరువైన పనియో మనకంటె ఎరిగినవారెవరు? కాని న్యాయము రెండు వైపులను తూచవలెను గదా! 2019 ఏప్రిల్ 17 రాత్రి జెట్ ఎయిర్‌వేస్ తుది విమానము దిగినపుడు, దాని పైలట్లకు సంవత్సరము ముందుగా ఎవరు నోటీసు ఇచ్చినారు?

ఈ సూరత్ నగరములో మన తెలుగు పద్మశాలీలు వేలాదిగా మరమగ్గముల మీద బ్రతుకుచున్నారు. మీలో చాలమందికి వారు ఇరుగుపొరుగువారు. ఒక షెడ్డు యజమానితో పొసగనిచో మగ్గము పనివాడు మరునాడే ప్రక్క షెడ్డునకు పోవచ్చును; అతనిని ఆపు నోటీసు నిబంధనయు లేదు. కాని ప్రక్క షెడ్డులోను అదే పన్నెండు గంటల షిఫ్టు, అదే మీటరు లెక్క కూలి. షెడ్డు మారినది, షిఫ్టు మారలేదు. యజమానిని మార్చుకొను హక్కు వేరు. పని నియమములను మార్చగల హక్కు వేరు. మొదటిది ఒంటరివాడు సాధించగలడు. రెండవది సంఘము లేనిదే సాధ్యము కాదు.

పైలట్ల విశ్రాంతి విషయమే దీనికి ప్రబల నిదర్శనము. 2024 జనవరిలో డైరెక్టరేట్ జనరల్ వారు క్రొత్త పనిగంటల నియమములు ప్రకటించినారు. వారపు విశ్రాంతి 36 గంటల నుండి 48 గంటలకు పెరిగినది. రాత్రి వేళ చేయదగిన ల్యాండింగులు ఆరు నుండి రెండుకు తగ్గినవి. అలసట ప్రమాదహేతువని ఒప్పుకొనుటయే దీని యర్థము. కాని ఆ నియమములు అదే సంవత్సరము జూన్‌లో అమలు కావలసియుండగా వాయిదా పడినవి. పైలట్ల సంఘములు ఢిల్లీ హైకోర్టులో పోరాడిన పిదప, 2025 జూలై 1న కొంత, నవంబరు 1న కొంతగా అమలునకు వచ్చినవి. ఏ ఒక్క పైలట్ రాజీనామా వలనను ఈ 48 గంటలు రాలేదు.

ఆ పైన జరిగినది మీరందరు ఎరిగినదే. 2025 డిసెంబరు మొదటి వారమున దేశములోకెల్ల పెద్దదైన ఇండిగో సంస్థ క్రొత్త నియమములకు తగినట్లు సిబ్బందిని సిద్ధపరచుకొనక వేలాది సర్వీసులను రద్దు చేసినది. డిసెంబరు 5న ఒక్కరోజే రద్దయినవి వేయికి పైగా. ప్రయాణికులు విమానాశ్రయములలో నేలపై పరుండినారు. అప్పుడు సడలింపబడినదేమి? విశ్రాంతికి, రాత్రి పనికి సంబంధించిన నియమములే! రాత్రి పని నియమములలో కొన్నింటి నుండి ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు లభించినది. పైలట్ల సంఘములు నిరసించినవి. లెక్క తప్పినది యాజమాన్యము. మూల్యము చెల్లించవలసినది పైలట్ నిద్ర!

రన్నింగ్ సిబ్బంది సోదరులారా, ఈ కథ మీకు పాతది. 1973 ఆగస్టు సమ్మె ఫలితముగా పది గంటల డ్యూటీ సూత్రము అంగీకరింపబడినది. అది కాగితము నుండి పట్టాల మీదికి దిగుటకు ఎన్ని సంవత్సరముల ఆందోళన అవసరమైనదో మీకు తెలియును. విమాన పైలట్‌కు వారమునకు 48 గంటల విశ్రాంతి వలయునని ప్రభుత్వమే ఒప్పుకొనగా, లోకో పైలట్‌కు నిబంధనలలో ఉన్నది నెలకు నాలుగు మారులు 30 గంటలు, లేదా అయిదు మారులు 22 గంటలు. తెల్లవారుజామున మూడు గంటలకు కనురెప్పల బరువు ఆకాశమున ఒకటి, నేలపై ఒకటి యగునా?

పైలట్ల సంఘ చరిత్రలో రెండు ఘట్టములను గుర్తుంచుకొనుడు. 2009లో సంఘము స్థాపించిన నేరమునకు జెట్ ఎయిర్‌వేస్ ఇద్దరు పైలట్లను తొలగించినది. సెప్టెంబరులో వందలాది పైలట్లు ఒక్కటిగా అస్వస్థత సెలవు పెట్టినారు. కొన్ని దినములలోనే తొలగింపబడినవారు తిరిగి విధులలో చేరినారు. 2012లో ఎయిర్ ఇండియాలో వేరొకటి జరిగినది. క్రొత్త బోయింగ్ 787 విమానముల శిక్షణ పూర్వపు ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకును ఇచ్చుటను వ్యతిరేకించి మరియొక వర్గము 58 దినములు సమ్మె చేసినది. అది తోటి పనివాని పదోన్నతికి భయపడి సాగిన పోరు. అది వారిని బలపరచలేదు. కేటగిరీకి ఒక సంఘముగా చీలియున్న మనము దీనిని ఇతరుల తప్పుగా మాత్రమే చదువరాదు.

ఇక తలిదండ్రులకు నా మనవి. మీ కుమారుడు గాని, కుమార్తె గాని ఉద్యోగపత్రములతో వచ్చినపుడు జీతపు అంకెను చివరకు చూడుడు. ముందుగా ఈ అయిదు ప్రశ్నలు అడుగుడు. బాండు ఎంత, ఎన్నేళ్ళు? జీతములు, భవిష్యనిధి చందాలు ఆ కంపెనీ సకాలమున చెల్లించుచున్నదా? నెలకు ఎన్ని రాత్రులు, వారమునకు ఎంత విశ్రాంతి? వైద్య పరీక్షలో అనర్హత కలిగి లైసెన్సు పోయినచో భృతి ఏమి? అచ్చట పైలట్ల సంఘము కలదా, దానితో యాజమాన్యము మాట్లాడునా? అయిదవ ప్రశ్నకు సమాధానము “లేదు” అయినచో, మొదటి నాలుగింటికి ఇచ్చిన హామీలను ఎవరు నిలబెట్టుదురో ఆలోచించుడు.

మనకు యజమాని ఒక్కడే. మార్చుకొను వీలు లేదు. అందువలననే మన పెద్దలు యజమానిని విడుచుటకు బదులు నియమములను మార్చుట నేర్చుకొనినారు. పైలట్లు ఎందరో యజమానులను చూచి, తుదకు అదే పాఠమునకు వచ్చినారు. కావున వారి 48 గంటల విశ్రాంతిని సడలింపరాదని మనము కోరవలెను. లోకో పైలట్‌కు తగిన వారపు విశ్రాంతి కావలెనని వారు కోరవలెను. ఈ రెండు కోరికలను ఒకే తీర్మానముగా మీ మీ శాఖలలో చర్చకు పెట్టవలసినదిగా ప్రార్థించుచున్నాను.