సాటివారి తోడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



గ్రామములో ఒకరికి జ్వరము వచ్చినచో ఇరుగుపొరుగువారు పలుకరించి పోవుదురు. కాలు విరిగినచో బంధువులు పండ్లు పట్టుకొని వత్తురు. కాని యింటి యజమాని త్రాగుడునకు లోబడినను, కోడలు నెలల తరబడి నిద్రాహారములు మాని గోడవైపు తిరిగి పరుండినను, కుమారునకు క్షయ సోకినను ఆ యింటి తలుపులు దగ్గరకు వేయబడును. పలుకరించుటకు వచ్చువారుండరు, వచ్చినను లోనికి రమ్మనువారుండరు. వ్యాధి యొక బాధ. దానిని దాచుట రెండవ బాధ. ఈ రెండవ బాధకు మందుల అంగడిలో మందు దొరకదు. అదే బాధ పడిన మరియొక మనిషియే దానికి మందు అని లోకము తెలిసికొని నూరేండ్లు దాటినది. ఆ తెలిసికొనిన విధమును, అది గ్రామ గ్రంథాలయమునకు ఎట్లు పనికివచ్చునో ఆ సంగతిని వివరించుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

1905వ సంవత్సరమున అమెరికాలోని బోస్టన్ నగరమున జోసెఫ్ ప్రాట్ అను వైద్యుడు క్షయరోగులకు ఒక తరగతిని ప్రారంభించెను. క్షయను కుదుర్చు మందు అప్పటికి లేదు. విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి, మంచి ఆహారము, ఇవియే చికిత్స. ధనవంతులు శానటోరియములకు పోయెడివారు. ఇరుకుటిండ్లలోని పేదలకు ఆ యవకాశము లేదు. ప్రాట్ అట్టివారిని వారమున కొకమారు ఒకచోట చేర్చి, ఇంటియొద్దనే ఆ నియమములను పాటించు విధమును బోధించెను. ప్రతి రోగియు తన దినచర్యను ఒక పుస్తకములో వ్రాసి తేవలెను. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుటకు బదులు అందరికిని ఒక్కసారి చెప్పవచ్చునని ఆయన మొదట తలచెను. కాని పాఠముకంటె పాఠమునకు వచ్చినవారే ఒకరికొకరు ఎక్కువ మేలు చేసికొనుట ఆయన కంటబడెను. బరువు పెరిగిన రోగిని చూచి బక్కచిక్కిన రోగికి ఆశ పుట్టినది. ఒకే వ్యాధి కలవారి నడుమ కులమును, మతమును మించిన చుట్టరికము ఏర్పడినది. సామూహిక చికిత్సా పద్ధతికి ఈ తరగతియే మొదటి మెట్టని వైద్యచరిత్రకారులు చెప్పుదురు.

అచ్చట వైద్యుడు ముందు నిలిచెను. రోగులు ఎదుట కూర్చుండిరి. వైద్యుడు ముందు నిలువని సంఘము ముప్పది యేండ్ల తరువాత పుట్టినది. 1935 మే మాసమున న్యూయార్కునకు చెందిన బిల్ విల్సన్ అను వాటాల వర్తకుడు వ్యాపారపు పనిమీద ఏక్రన్ అను పట్టణమునకు వచ్చెను. పని చెడినది. చేతిలో సొమ్ము స్వల్పము. ఒకప్పుడు త్రాగుడు వలన సర్వమును పోగొట్టుకొనిన ఆయన అది మాని అప్పటికి ఐదు మాసములు. బస చేసిన హోటలులో ఒక ప్రక్క మద్యశాలనుండి నవ్వులు వినవచ్చుచున్నవి. మరియొక ప్రక్క టెలిఫోను ఉన్నది. ఆ క్షణమున ఆయనకు ఒక సంగతి స్ఫురించెను. ఐదు మాసములుగా తాను ఎందరో త్రాగుబోతులకు మంచిమాటలు చెప్పెను, ఒక్కడును మారలేదు. కాని చెప్పిన తాను మాత్రము త్రాగకుండ నిలిచెను! అనగా మరియొక త్రాగుబోతుతో మాటలాడుటయే తనను కాపాడినది. ఆయన మద్యశాలకు పోక టెలిఫోను దగ్గరకు పోయెను. ఊరిలోని చర్చీల జాబితా చూచి ఒకరి వెనుక ఒకరిని పిలిచి, త్రాగుడుతో బాధపడువాడెవడైనను కలడా యని అడిగెను. అట్లు దొరికినవాడు బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడు.

స్మిత్ పదునైదు నిమిషములకు మించి కూర్చుండనని షరతు పెట్టి వచ్చి, ఆరు గంటల సేపు కూర్చుండెను. మద్యము దేహమునకు చేయు హానిని వైద్యునికి ఒకరు చెప్పవలసిన పని లేదు. విల్సన్ అది చెప్పనులేదు, నీతిబోధ చేయలేదు. తన పతనము, తన సిగ్గు, తన భార్య పడిన పాట్లు, ఇవియే చెప్పెను. స్మిత్ తన కథనే మరియొకరి నోట వినుచున్నట్లు వినెను. అయినను ఆయన వెంటనే బాగుపడలేదు. కొలది వారములలోనే ఒక వైద్యసభకు పోయి మరల త్రాగి వచ్చెను. విల్సన్ ఆయనను వదలలేదు. 1935 జూన్ 10 తరువాత స్మిత్ 1950లో మరణించు వరకు మద్యము ముట్టలేదు. ఆ తేదీనే ఆ సంఘము తన పుట్టినదినముగా పాటించుచున్నది. పడినవానిని లేపుట కొరకే సంఘము, పడనివారి కొరకు కాదు అను మూలసూత్రము దాని పుట్టుకలోనే కలదు.

గ్రంథాలయ పాఠకులు గమనింపదగిన విశేష మొకటి కలదు. ఆ సంఘమునకు చాలకాలము పేరు లేదు. ఇంచుమించు నూరుగురు బాగుపడిన పిమ్మట, దూరపు ఊళ్ళలో ఒంటరిగా నున్నవారికి ఈ సంగతి చేరవలెనని 1939లో ఒక గ్రంథము ప్రకటించిరి. 'ఆల్కహాలిక్స్ అనానిమస్' అను ఆ గ్రంథము పేరే సంఘమునకు పేరైనది. పేరు వెల్లడింపని మద్యవ్యసనపరులు అని దాని యర్థము. మనిషి చేరలేని చోటికి పుస్తకము చేరినది. అదే 1935లో ఆంధ్రదేశమున పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువమీద కొల్లూరు నుండి పెదవడ్లపూడి వరకు పడవలో గ్రంథాలయమును నడిపించిరి. రాలేనివాని యొద్దకు మనమే పోవలెనను బుద్ధి రెండు చోట్లను ఒక్కటే. భారతదేశమున ఈ సంఘపు సమావేశములు 1957 నుండి జరుగుచున్నవి.

సమావేశము జరుగు తీరు అతి సామాన్యము. ఒక గది, కొన్ని కుర్చీలు, ఒక నియమిత దినము, ఒక నియమిత వేళ. వచ్చినవారు తమ పేరుమాత్రము చెప్పి, తాము వ్యసనపరులమని ఒప్పుకొందురు. ఇంటిపేరు, ఉద్యోగము అడుగరు. ఒకరు మాటలాడునప్పుడు తక్కినవారు అడ్డురారు, సలహా గుప్పింపరు. రుసుము లేదు, సభ్యులు తోచినది వేసికొందురు, బయటివారి విరాళము పుచ్చుకొనరు. జీవితాంతము మానెదనని ప్రతిజ్ఞ చేయింపరు. నేటి దినము త్రాగకుండిన చాలునందురు. వారి నియమములలో భగవంతుని ప్రస్తావన కలదు గాని, ఎవరికి తోచిన భావము వారిది. ఇట్టి సంఘములవలన ఫలము కలదా యను ప్రశ్నకు 2020లో ప్రకటింపబడిన కాక్రేన్ సమీక్ష సమాధానమిచ్చినది. 27 పరిశోధనలను, 10,565 మందిని పరిశీలించి, రోగులను ఈ సంఘములలో క్రమపద్ధతిని చేర్పించు చికిత్స, ఇతర చికిత్సలకంటె ఎక్కువమందిని పూర్తిగా మద్యమునకు దూరముగా నిలిపినదని ఆ సమీక్ష తేల్చినది.

వ్యసనము ఒక్కని దేహములో నున్నను దాని బాధ యింటిల్లిపాదిది. అందుచేతనే త్రాగుబోతుల భార్యలు, తల్లులు, పిల్లలు కలిసికొనుటకు 1951లో అల్-అనాన్ అను ప్రత్యేక సంఘము ఏర్పడినది. మన దేశమునందే మరియొక గొప్ప యుదాహరణము కలదు. 1950 తరువాతి దశాబ్దమున అమృతసర్ మానసిక వైద్యశాలకు అధిపతిగా నుండిన డాక్టరు విద్యాసాగర్, రోగులతోపాటు వారి బంధువులను ఆవరణలో గుడారములు వేయించి నివసింపజేసెను. ఆ కాలమున మతి చలించినవానిని ఆసుపత్రి గోడల నడుమ వదలి పోవుట వాడుక. విద్యాసాగర్ వదలి పోనీయలేదు. తల్లి తన బిడ్డ కోలుకొనుట కన్నులార చూచెను; ప్రక్క గుడారములోని తల్లితో చెప్పుకొనెను. రోగులు త్వరగా ఇండ్లకు చేరిరి. ఈ వ్యాధి శాపము కాదు, దయ్యము కాదు, కుదురునది యను మాటను ఆ బంధువులు తమ తమ ఊళ్ళకు తీసికొనిపోయిరి.

తెలుగునాట స్త్రీలు కూడి కూర్చుండుటవలన ఏమి జరుగగలదో నెల్లూరు జిల్లా దూబగుంట చూపినది. 1991 ప్రాంతమున ఆ జిల్లాలో సాగిన అక్షరాస్యతా ఉద్యమములో, సారాయి దుకాణమును మూయించిన సీతమ్మ అను స్త్రీ కథ ఒక పాఠముగా నుండెను. రాత్రిబడిలో ఆ పాఠము చదివిన స్త్రీలు తమ కథయే అచ్చులో నున్నట్లు గ్రహించిరి. 1992లో రోశమ్మ మొదలగువారు కదలి తమ ఊరి సారాయి దుకాణమును నిలిపివేసిరి. అది రాష్ట్రమంతటను వ్యాపించినది. 1993 అక్టోబరు 1 నుండి సారాయి, 1995 జనవరి నుండి సమస్త మద్యము నిషేధింపబడినవి. 1997లో మద్యనిషేధము సడలింపబడినది. దుకాణము మూయించుట సమష్టి విజయమే. కాని దుకాణము మూతబడిన సాయంకాలము చేతులు వణకుచు ఇంటి అరుగుమీద కూర్చున్న మనిషి ప్రక్కన ఎవరు కూర్చుందురు? ఆ పని చట్టము చేయలేదు. చట్టము సడలినను నిలుచునది ఆ ప్రక్కన కూర్చున్న మనిషి తోడే.

అవసరమెంతటిదో లెక్కలు చెప్పుచున్నవి. 2019లో ప్రకటింపబడిన జాతీయ సర్వే ప్రకారము, మద్యమునకు పూర్తిగా బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో యొక చికిత్స పొందినట్లు చెప్పిరి. 2015-16 నాటి జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో నూరుగురు వయోజనులలో పదిమందికి పైగా ఏదో యొక మానసిక రుగ్మతతో నున్నట్లు తేలినది. వారిలో అత్యధికులు చికిత్సకు దూరముగా నున్నవారే. ప్రతి గ్రామమునకు మానసిక వైద్యుని తెచ్చుట దుర్లభము. కాని ప్రతి గ్రామమునందును ఒక గది కలదు.

ఆ గది గ్రంథాలయమే కావచ్చును. ఆసుపత్రి మెట్లెక్కినవానిని ఊరు చూచును. గుడిలో అందరికిని చోటు దొరకకపోవచ్చును. గ్రంథాలయమునకు వచ్చినవానిని ఎందుకు వచ్చితివని ఎవరును అడుగరు. పత్రిక చదువుటకు వచ్చినట్లు రావచ్చును. వారమున కొక సాయంకాలము, పాఠకులు పోయిన పిమ్మట ఒక గంట, ఒక దీపము, ఒక కడవ నీరు. ఇంతకంటె ఖర్చు లేదు. ముగ్గురు వచ్చినను చాలును. ఏక్రన్‌లో ఇద్దరితోనే ప్రారంభమైనది.

కష్టమైనది ఖర్చు కాదు, రహస్యము. గదిలో చెప్పిన మాట మరునాడు చెరువుగట్టున, "మీ ఆయన మళ్ళీ మొదలుపెట్టాడటగా, వదినా?" అను ప్రశ్నగా వినబడినచో ఆ సంఘము ఆనాటితో సమాప్తము. ఆ యిల్లాలు తిరిగి రాదు. ఆమెను చూచి రాదలచిన మరి నలుగురును రారు. పల్లెలో అందరును అందరికిని చుట్టములే గనుక ఈ నియమము పట్టణముకంటె పల్లెలో కఠినతరముగా పాటింపవలెను. ఊరివారి యెదుట రాలేనివారు పొరుగూరి సంఘమునకు పోవుట కూడ మంచిదే.

మూడు జాగ్రత్తలు మరువరానివి. సంఘము వైద్యునికి తోడే గాని బదులు కాదు. ఏండ్ల తరబడి విశేషముగా త్రాగినవాడు ఒక్కమారుగా మానినచో రెండు మూడు దినములలో వణకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము రావచ్చును. కావున మొదట వైద్యుని చూపింపవలెను. మనోవ్యాధికిగాని క్షయకుగాని వైద్యుడిచ్చిన మందును సాటివాని మాటమీద మానరాదు. ఇక ఎవరైనను చావును గూర్చి పలికినచో అచ్చట రహస్యనియమము చెల్లదు. సూటిగా అడుగవలెను, ఒంటరిగా విడువరాదు, పురుగుమందు డబ్బా అందకుండ తీయవలెను, వెంటనే వైద్యసహాయము పొందవలెను. మానసిక బాధకు ప్రభుత్వపు టెలి-మానస్ 14416, వ్యసనములకు 14446 అను ఉచిత టెలిఫోను సంఖ్యలు కలవు. ఈ రెండు సంఖ్యలను గ్రంథాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించుట రజతోత్సవమునకు తగిన పని.

ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయము పుస్తకములను ఇంటికి పంపి, తిరిగి తీసికొని, మరియొకరికి ఇచ్చుచు వచ్చినది. ఒకరు చదివిన పుస్తకము రెండవవారికి పనికివచ్చినట్లే, ఒకరు అనుభవించి దాటిన కష్టమును రెండవవారికి పనికివచ్చును. పుస్తకమైనచో బీరువాలో నున్నది. ఈ రెండవది మనుష్యుల గుండెలలో మూతపడి యున్నది. దానిని తెరచి చెప్పుకొనుటకు వారమున కొక గంట ఈ గదిలో చోటు దొరకినచో, ఊరిలో దగ్గరకు వేసిన తలుపులలో ఒకటి రెండైనను తెరచుకొనును. అట్టి తలుపు ఒక్కటి తెరచుకొనినను ఈ ఉత్సవము సార్థకము.