బొక్క, ఎముక, బోన్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ బడిలో తెలుగు మీడియం చదివి మెడికల్ కాలేజీకి పోయినవాణ్ణి. మొదటి వారమే టిబియా, ఫిబులా అన్నారు. ఏది లోపలిదో ఏది బయటిదో రాత్రంతా బట్టీ పట్టినా తెల్లారేసరికి తారుమారయ్యేవి. అప్పుడు మన జీవశాస్త్రం సారు బోర్డు మీద రాసిన అంతర్జంఘిక, బహిర్జంఘిక గుర్తొచ్చాయి. జంఘ అంటే మోకాలికీ చీలమండకీ మధ్య భాగం. అందులో లోపలి ఎముక ఒకటి, బయటి ఎముక ఒకటి. లాటిన్‌లో టిబియా అంటే పిల్లనగ్రోవి, ఫిబులా అంటే బట్టకు పెట్టుకునే పిన్ను. ఆకారం తెలుస్తుంది గానీ చోటు తెలియదు. అధివృక్క గ్రంథీ అంతే. వృక్కం అంటే కిడ్నీ, దాని మీద కూర్చున్న గ్రంథి. సారుకు అప్పుడు చెప్పలేకపోయిన థ్యాంక్స్ ఇప్పుడు చెబుతున్నా.

అయితే పుస్తకంలో లేని పేర్లు మనకు శంషాబాద్ మటన్ కొట్టు ముందే నేర్పింది. గుర్దా, కలేజా, తిల్లి, భేజా. సంచి పట్టుకుని లైన్‌లో నిలబడ్డ ప్రతివాడికీ సగం అనాటమీ వచ్చినట్టే!

అసలు పరీక్ష వార్డులో. కోస్తా నుంచి వచ్చిన మా మిత్రుడికి ఒక పెద్దమ్మ "కాలు బొక్క ఇరిగింది బిడ్డా" అంటే, పాపం, కాలికి రంధ్రం ఎక్కడుందా అని వెతికాడు. అందరం నవ్వాం. ఇంకోసారి నవ్వులాట కాలేదు. ఒక ముసలాయన "ఛాతీల మంట, ఎడమ రెక్క గుంజుతుంది" అన్నాడు. కుర్ర డాక్టరు మంట వరకే రాసుకున్నాడు. రెక్క అంటే అతనికి పక్షిదే. రెక్కంటే చెయ్యి అని పక్కనున్న నర్సమ్మ చెప్పబట్టి ఈసీజీ తీశాం. గుండెపోటు.

2008లో ఎయిర్‌పోర్టు వచ్చాక మన ఊళ్లో ఎన్ని భాషలో! పేరు తెలియకపోతే వేలుతో చూపించమంటాను. ఒక్కటి మాత్రం మరిచిపోను. కుడి అంటే ఎదురుగా నిలబడ్డ రోగి కుడి, నాది కాదు.

భోజనాలయ్యాక తొమ్మిదో తరగతి పిల్లలతో కూర్చుంటాను. అస్థిపంజరం బొమ్మ తెచ్చాను. ఇళ్లల్లో వాడే పేర్లు వాళ్లు చెబితే పక్కన రాద్దాం. సార్లు, మేడమ్‌లు కూడా రండి.